లక్నవరం ఫోటోలు చూపించి టెంట్లు అమ్ముతున్న వాళ్ళతో జాగ్రత్త

ములుగు జిల్లాలోని లక్నవరం చెరువు, దాని ఊయల వంతెన, నీళ్ళ మీద పొగమంచు, ఒక టెంటు ముందు రెండు కుర్చీలు. పైన పెద్ద అక్షరాలతో ‘నీళ్ళ ఒడ్డున నిశ్శబ్దంగా ఒక రాత్రి’. వరంగల్, హనుమకొండల్లో ఉండే మీలో చాలామందికి ఈ కార్తీకమాసంలో ఆ ప్రకటన వచ్చే ఉంటుంది. దయచేసి ఆ నంబరుకు డబ్బు పంపకండి. మేము పంపాం. నిన్న రాత్రి అక్కడ జరిగింది తలచుకుంటే ఇంకా చేతులు వణుకుతున్నాయి. వచ్చే శనివారానికి ఇంకొక కుటుంబం బయలుదేరకముందే ఇది అందరికీ చేరాలి.

వెనక కథ ఎక్కువ లేదు. నాన్న సంవత్సరీకం పోయిన నెలలో అయింది. ఆయన పోయినప్పటి నుంచి అమ్మ గడప దాటలేదు. మా ఇల్లు హనుమకొండ బస్టాండుకు దగ్గర, తెల్లవారకముందే హారన్లు మొదలవుతాయి. “ఎక్కడైనా నీళ్ళ పక్కన కాసేపు ఊరికే కూర్చోవాలని ఉందిరా” అని అమ్మ తనంతట తాను అడిగింది. చెల్లెలు బెంగళూరు నుంచి వచ్చింది. ప్రకటనలోని నంబరుకు ఫోను చేసి, ఆ టెంట్లు అమ్మేవాణ్ణి నేను ముందే అడిగాను, పాటలూ గోలా ఉంటాయా అని. “పిట్ట కూత తప్ప ఏమీ వినబడదు సార్, పెద్దవాళ్ళకు చాలా బాగుంటుంది” అన్నాడు. రెండు టెంట్లకు 9,000 రూపాయలు, మొత్తం ముందే కట్టించుకున్నాడు.

ములుగు దాటాక ఫోను చేసి, లక్నవరం వైపు తిరగవద్దు, రహదారి మీదే నేరుగా రండి అన్నాడు. ఒక దాబా వెనక, పత్తి చేను పక్కన, చదును చేసిన నేల మీద పదిహేను టెంట్లు. చెరువు ఏదని అడిగితే పొక్లెయిన్‌తో తవ్విన గుంట చూపించాడు. అడుగున పరిచిన నీలం టార్పాలిన్ అంచులు పైకి తేలి ఉన్నాయి, మోకాలి లోతు నీళ్ళలో ఒక ప్లాస్టిక్ బాతు. అసలు లక్నవరం అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరం. ఆ వంతెన, ఆ చెరువులోని ద్వీపాల మీది కాటేజీలు ప్రభుత్వ పర్యాటక సంస్థవి. ఇతనికి వాటితో సంబంధమే లేదు. అది 163వ నంబరు జాతీయ రహదారి, రాత్రంతా ఇసుక లారీలు తిరిగే దారి. ఒక్కొక్క లారీ వెళ్ళినప్పుడల్లా టెంటు గుడ్డ అదిరింది.

అంతవరకూ ఎలాగో ఓర్చుకునే వాళ్ళమేమో. చీకటి పడగానే మనిషెత్తు డీజే బాక్సులు నాలుగు దించారు. పుట్టినరోజు చేసుకునే కుర్రాళ్ళ గుంపు ఒకటి వచ్చింది. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళకు అమ్మింది వాళ్ళకు అందింది. అదే చోటును, అదే రాత్రికి, వాళ్ళకు డీజే అనీ మాకు నిశ్శబ్దం అనీ అమ్మాడు ఇతను.

పది దాటాక అమ్మ టెంటులో లేచి కూర్చుంది. రెండు చేతులతో చెవులు మూసుకుని, కళ్ళు మూసుకుని. నేను వెళ్ళి అతన్ని అడిగాను, అరవలేదు. అమ్మ పరిస్థితి చెప్పాను, నాన్న సంగతి కూడా చెప్పాను. ఆ మాట పరాయివాడికి చెప్పుకోవలసి రావడమే నాకు కష్టంగా ఉంది. అతను మొత్తం విన్నాడు. విని, పనివాడిని పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. ఆ పిల్లవాడు మందుల పెట్టెలో నుంచి దూది చుట్ట తెచ్చాడు. ఇతను నన్ను దాటుకుని నేరుగా టెంటు దగ్గరికి వెళ్ళి, వంగి, ఆ దూదిని అమ్మ ఒళ్ళో పడేసి, “ఇది పెట్టుకుని పడుకోండమ్మా, ఈ వయసులో ఇల్లు కదలకుండా ఉండాలి” అన్నాడు. వెనక ఇద్దరు ముగ్గురు నవ్వారు.

అమ్మ ఏమీ అనలేదు. దూదిని మళ్ళీ చుట్టగా చుట్టి పక్కన పెట్టి, “పోదాం పద నాన్నా” అంది. ఏడాది తరవాత నోరు తెరిచి ఒక కోరిక కోరిన మనిషికి ఇంటి నుంచి బయటికి రావడమే తప్పని నలుగురిలో చెప్పాడు వాడు. నా 9,000 కన్నా నాకు ఎక్కువ మండుతున్నది అదే. డబ్బు వాపసు ఇవ్వమంటే ముందు నవ్వాడు, తరవాత వినబడనట్టు నటించాడు. చెల్లెలు ఫోను తీసి వీడియో మొదలుపెట్టాక మాత్రం గొంతు మార్చి, పొద్దున ఎవరికీ తెలియని జలపాతానికి అడవి దారిన ఉచితంగా తీసుకెళ్తానన్నాడు. అటవీశాఖ అనుమతి ఉందా అని చెల్లెలు అడిగితే జవాబు లేదు.

ఈ చివరి మాట తేలికగా తీసుకోకండి. 2023 జులైలో వెంకటాపురం మండలంలోని ముత్యంధార జలపాతానికి వెళ్ళినవాళ్ళు, వాగు పొంగి వెనక్కి రాలేక, రాత్రి అడవిలోనే చిక్కుకుపోయారు. విపత్తు దళాలు వెళ్ళి వాళ్ళను బయటికి తేవలసి వచ్చింది. ఏ గుర్తింపూ లేని మనిషి వెంట అడవిలోకి పిల్లలనూ ముసలివాళ్ళనూ తీసుకుపోవడం ప్రాణాలతో ఆట.

టెంట్లు వదిలేసి కారులోనే కునుకు తీసి, తెల్లవారగానే పాలంపేటలోని రామప్ప గుడికి వెళ్ళాం. ఆదివారం, పైగా కార్తీకం. ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన తరవాత సెలవు రోజుల్లో అక్కడ జనం బాగా పెరిగారని అందరికీ తెలుసు. కాని ఎండ ఎక్కకముందు గుడిలో పూజారి, ఊడ్చేవాళ్ళు, మేము, అంతే. మదనికలు అనే నల్లరాతి నాట్యకత్తెల బొమ్మల మీద పొద్దు మెల్లగా దిగుతుంటే అమ్మ ఒక్కొక్క బొమ్మ కింద ఆగి చూసింది. అక్కడి నుంచి దగ్గరలోనే ఉన్న చెరువు కట్టకు వెళ్ళి, నీళ్ళకు ఎదురుగా చాలాసేపు కూర్చుంది. ఎవరూ పలకరించలేదు, ఎవరూ డబ్బు అడగలేదు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు ఆ గుడి కట్టించాడు. గుడితో పాటు చెరువు కట్టించడం కాకతీయుల కాలపు ఆనవాయితీ. ఆ నీళ్ళు ఇప్పటికీ పొలాలకు పారుతున్నాయి, ఆ కట్ట మీద ఎవరైనా కూర్చోవచ్చు. అందరిదైన ఇలాంటి నీటి ఒడ్డును ఫోటోలో చూపించి, టార్పాలిన్ గుంట పక్కన అమ్ముకోవడం దొంగతనం కాక మరేమిటి? మేము తిరిగి వచ్చేటప్పటికే బస్సులు, వనభోజనాల గిన్నెలు దిగుతున్నాయి. మన దగ్గర జనం లేని చోటు కోసం వెతకడం కన్నా, జనం రాని వేళకు వెళ్ళడం నయం. నర్సంపేట అవతల పాకాల చెరువు కూడా అంతే. పనిరోజున పొద్దున్నే వెళితే చెరువు నిండి పొర్లే మత్తడి నీళ్ళ చప్పుడు, అడవి పిట్టలు తప్ప ఏమీ వినబడవు. వానలు తగ్గాక మత్తడి ఆగితే అదీ ఉండదు.

బుక్ చేసుకునే వాళ్ళకు రెండు మాటలు. వాళ్ళు పంపిన ఫోటోలు కాదు, ఆ చోటు నుంచే అప్పటికప్పుడు వీడియో కాల్ చేయమనండి, మ్యాపులో కచ్చితమైన చోటు పంపమనండి. ఇతన్ని అదే అడిగిన మా పక్కింటివాళ్ళ ఫోను తరవాత ఇతను ఎత్తలేదని ఇవాళ తెలిసింది. గోల ఉండదన్న మాటను ఫోనులో కాక సందేశంగా రాయించుకోండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఉన్నాయి, 112కు ఫోను చేయవచ్చు. మోసపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు, రెండేళ్ళ లోపు వేయాలి.

నేను ఈ వారమే వేస్తున్నాను. డబ్బు పంపిన రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్లు, చెల్లెలు తీసిన వీడియో దాచి ఉంచాను. అదే నంబరుకు డబ్బు కట్టి ఆ దాబా వెనక రాత్రి గడిపినవాళ్ళు ఉంటే నాకు సందేశం పంపండి, మీ రసీదులు కూడా జత చేసి కలిసి వేద్దాం.