కొత్తవాడ జంపఖానాల దుకాణం: నాలుగు స్టార్లు

మా అమ్మాయి బెంగళూరులో కొత్త ఇంట్లో చేరుతూ, హాల్లోకి వరంగల్ జంపఖానా కావాలంది. కొత్తవాడలోని ఒక దుకాణం వాట్సాప్ నంబరు పక్కింటావిడ ఇచ్చింది. ముప్పై ఏళ్లు బ్యాంకులో ఉత్తరాలు రాసిన చెయ్యి కదా, "నమస్కారమండి. దయచేసి ఆరుకు తొమ్మిది సైజు ధర తెలుపగలరు" అని పెట్టాను. గంట తర్వాత జవాబొచ్చింది: "నూలుదా". అంతే. నమస్తే లేదు, ప్రశ్న గుర్తు కూడా లేదు.

ఒళ్లు మండింది. అయినా "అవునండి, మా అమ్మాయి ఇంటికి" అని రాశాను. "2800" అన్నాడు. ఇక వదిలేద్దామనుకుంటుంటే వాయిస్ మెసేజ్ వచ్చింది, వెనక మగ్గం చప్పుడుతో సహా. "అమ్మా, ఫోటోల ఎరుపు ఎక్కువ కనిపిస్తది. బిడ్డ ఇంటికంటున్నరు, జర ఒక్కసారొచ్చి చూసుకోండ్రి. నచ్చకుంటే తీసుకోకుండ్రి."

నా "దయచేసి" మొత్తం ఆ "జర"లోనే ఉంది. అసలు మా ఇంట్లో మాత్రం "దయచేసి నీళ్లివ్వు" అని ఎవరన్నారు? అది కాజీపేట స్టేషన్ మైకులో వినే మాట.

వెళ్లి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి కొలిస్తే జానెడు తక్కువ! ఈసారి నమస్కారం లేకుండా నేనే గట్టిగా రాశాను. "తప్పయింది. పట్టుకరాండ్రి" అన్నాడు. మర్నాడు సరైనది చేతిలో పెట్టి, ఆటో డబ్బులు కూడా ఇవ్వబోతే నేనే వద్దన్నాను. పోయిన దీపావళికి ఒక యాప్‌లో కొన్న చాప రంగు దిగితే, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఐదుసార్లు రాశారు. చాప ఇంకా మా వరండాలోనే ఉంది.

నేత గట్టిది, అంచు చక్కగా ఉంది. వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) వచ్చింది. ఇంకొకరైతే ప్రతి మెసేజ్ కిందా అదే అంటించేవారు, ఈయన నేనడిగితే గానీ ఆ మాటెత్తలేదు.

ఒక స్టార్ తగ్గించింది కొలతకు కాదు. అడగకుండా నన్ను కస్టమర్ల గ్రూపులో చేర్చాడు. తెల్లారితే ముప్పై గుడ్ మార్నింగ్ పూలు, జోడించిన చేతుల బొమ్మలు. ఆ చేతులు నమస్తేనో, థాంక్సో, ఇక చాలు బాబో అనో అర్థం కాదు.

వెళ్లేవాళ్లు మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేయండి. టేపు మీరే తీసుకెళ్లండి. ఆదివారం బంద్.