ఆఫీసులో బుక్ క్లబ్: నెలకో పుస్తకమా, పదిహేను రోజులకో కథా?

మార్చి 8కి గులాబీలు పంచి, జూన్‌లో ప్రైడ్ నెలకని ఇంద్రధనుస్సు రంగుల ఐడీ కార్డు తాళ్లు పంచి, ఇంకేం చేద్దామా అని హెచ్‌ఆర్ వాళ్లు తల గోక్కుంటున్నప్పుడు ఎవరో ఒకరు "బుక్ క్లబ్ పెడదామా?" అంటారు. హైదరాబాద్‌లో మా ఆఫీసులోనూ అంతే. డైవర్సిటీ, ఇన్‌క్లూజన్ మీద, అంటే రకరకాల మనుషులను కలుపుకుపోవడం మీద పుస్తకాలు చదివి మాట్లాడుకోవాలట. పుస్తకాల పిచ్చి ఉందని తెలిసి నడిపే పని నా నెత్తిన పెట్టారు.

మొదట నెలకో పుస్తకం పద్ధతిలో నడిపాం, అది కుంటుపడ్డాక పదిహేను రోజులకో కథ పద్ధతికి మారాం. నేను కథ పక్షం, ముందే చెప్పేస్తున్నా. అలాగని పుస్తకం పద్ధతి దండగ అనను, దానివల్ల అయిన ఒక పని కథల వల్ల కాదు. అది తర్వాత చెప్తాను.

మొదటి నెల తీసుకున్నది ఎ. రేవతి ఆత్మకథ. హిజ్రాగా తన బతుకు గురించి ఆమె తమిళంలో రాసుకున్నది, వి. గీత ఇంగ్లీషు చేస్తే 2010లో వచ్చింది. ఎంపికకు వంక పెట్టలేం. ఒక్క మెయిల్ కొడితే కంపెనీ 22 కాపీలు కొనిచ్చింది, అన్నీ ఇంగ్లీషువే. అదే పుస్తకం తెలుగులో 'ఒక హిజ్రా ఆత్మకథ'గా పి. సత్యవతి గారి అనువాదంలో ఉంది, దానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం కూడా వచ్చింది, వేసింది మన ఊళ్లోని హైదరాబాద్ బుక్ ట్రస్టే. ఆ సంగతి నాతో సహా ఎవరికీ గుర్తు రాలేదు. ఆఫీసు అనగానే బుర్ర ఇంగ్లీషులోకి వెళ్లిపోతుంది, ఏం చేస్తాం.

నాలుగో నెలకి ఆరుగురం మిగిలాం. ఆ ఆరుగురిలో నలుగురు పీజీ హాస్టళ్లలో ఉండే పెళ్లికాని కుర్రాళ్లు. ఆడవాళ్లను కలుపుకుపోవాలని పెట్టిన క్లబ్బులో ఆడవాళ్లు ఎందుకు లేరా అని హెచ్‌ఆర్ మేడమ్ చాలా మథనపడింది కానీ ఇందులో తెలియనిదేముంది, ఎనిమిదింటికి క్యాబ్ దిగి, వంట చేసి, పిల్లల హోంవర్క్ చూసి, గిన్నెలు సర్ది, పొద్దుటి టిఫిన్‌కి పిండి కలిపి పెట్టుకునే మనిషి మూడొందల పేజీలు ఏ వేళప్పుడు చదవాలి? వచ్చినవాళ్లలోనూ ఒక తమాషా ఉండేది. పూర్తిగా చదివినవాళ్లు నోరు మెదిపేవాళ్లు కాదు, నెట్‌లో సారాంశం చూసొచ్చినవాళ్లు మాత్రం దంచేసేవాళ్లు.

మా టీమ్‌లో చూపు లేని ఒకాయన ఉన్నాడు. పుస్తకం ఇద్దామని ఎవరో శ్రమపడి పేజీలన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసి పీడీఎఫ్ చేసి పంపారు. ఆయన ఇయర్‌ఫోన్ తీసి నా చెవిలో పెట్టాడు. తెర మీది అక్షరాలు పైకి చదివే స్క్రీన్ రీడర్ పేజీ నంబర్లు చెప్తోంది, తర్వాత నిశ్శబ్దం, మళ్లీ పేజీ నంబరు. ఫొటోలో అక్షరాలున్నాయని దానికెలా తెలుస్తుంది? ఇది చేయబోయేవాళ్లకి ఒక మాట: పుస్తకం స్కాన్ చేసి వాట్సాప్ గ్రూపులో అందరికీ పంచడం తప్పే, కానీ చూపు లేనివాళ్లు చదువుకునేలా మార్చి వాళ్లకి ఇవ్వడానికి 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి బొమ్మల పీడీఎఫ్ కాకుండా అక్షరాలు ఉన్న ఫైలు తయారు చేసి ఇవ్వండి.

ఇక పుస్తకం గెలిచిన చోటు. వై.బి. సత్యనారాయణ గారి 'మా నాయన బాలయ్య' చదివిన నెల. మాదిగ కుటుంబం మూడు తరాల కథ, రైల్వే కూలి పనితో మొదలై చదువు పట్టుకుని మెట్టు మెట్టుగా పైకి రావడం. మా దగ్గర ఒకాయనకి ఏ చర్చ వచ్చినా "మెరిట్, మెరిట్" అనడం అలవాటు. ఒక్కో మెట్టుకి ఆ ఇంట్లో ఎంతకాలం పట్టిందో వరసగా చదివాక ఆ రోజు మాత్రం ఆ మాట అనలేదు. మారిపోయాడని చెప్పను, ఆ రోజుకి అనలేదు, అంతే. ఇరవై నిమిషాల కథకి ఆ బరువు రాదు, తరాల లెక్క తెలియాలంటే పేజీలు కావాలి.

కానీ అదే మీటింగులో ఇంకోటి జరిగింది. ఒకతను మామూలుగానే, మంచి మనసుతోనే, పక్కనున్న అమ్మాయిని "మీ ఇంట్ల కూడా గిట్లనేనా?" అని అడిగేశాడు. ఆమె ఆఫీసులో ఎప్పుడూ తన కులం మాట ఎత్తలేదు. అందరూ ఆమె వైపు తిరిగారు. నవ్వి ఏదో అంది, ఆ తర్వాత క్లబ్బుకి రాలేదు. ఆపాల్సింది నేను, ఆపలేదు. ఆత్మకథతో ఉన్న చిక్కే ఇది, నిజంగా బతికిన మనిషి గురించి చదువుతాం కదా, గదిలో అలాంటివాళ్లు ఎవరా అని కళ్లు వెతుకుతాయి. అప్పట్నుంచీ మాకు ఒకటే రూలు: ప్రశ్నలు పుస్తకంలో మనుషుల గురించే, ఎదురుగా కూర్చున్నవాళ్ల గురించి కాదు. చెప్పాలనిపిస్తే వాళ్లే చెప్తారు.

అలా చెప్పడం కథల పద్ధతిలో చూశాను. రెండు వారాలకోసారి బుధవారం లంచ్ టైమ్, ఎనిమిది పది పేజీల కథ, అక్కడికక్కడే ఒకరు పైకి చదువుతారు, తర్వాత అరగంట మాటలు. ఇంట్లో చదివి రానక్కర్లేదు. తెలుగు గడగడా మాట్లాడుతూ తెలుగు చదవడం రాని ఇంగ్లీషు మీడియం పిల్లలకీ, చూపు లేని ఆయనకీ, నాకూ అదే పాఠం, అదే వేగం. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'లో ఒకటి తీసుకున్నాం, ముస్లిం ఇంట్లో చిన్నతనం, నెల్లూరు యాస. చదివింది కరీంనగర్ కుర్రాడు, వాడు నెల్లూరు యాస పలుకుతుంటే అన్నం తింటున్నవాళ్లకి పొలమారింది. ఆ నవ్వుల్లోనే టెస్టింగ్ టీమ్ కొలీగ్ ఒకతను, ఎవరూ అడక్కుండానే, ఫ్లాట్ వెతికిన సంగతి చెప్పాడు. ఫోన్‌లో ఖాళీ ఉందన్నారట, పేరు చెప్పగానే "ఇప్పుడే ఇచ్చేశాం" అన్నారట, అలా వరసగా నాలుగు చోట్ల. మూడేళ్లుగా పక్క సీట్లో కూర్చుంటున్నా నాకు తెలియని సంగతి.

కథల పద్ధతికీ లోటుపాట్లున్నాయి. కళ్లు చెమర్చిన పది నిమిషాలకే స్టాండప్ కాల్‌లోకి, అంటే టీమ్ రోజువారీ చిన్న మీటింగులోకి పరిగెత్తాలి, ఏదీ లోపలికి దిగదు. ఏ కథ అన్నది ఒక్కరే ఎంచితే వాళ్ల అభిరుచే అందరి నెత్తిన. అన్నిటికన్నా పెద్ద చిక్కు, తెలుగులో చదివితే మా ఒడిశా అమ్మాయి, మలయాళీ మేనేజర్ బయటే. అందుకని రెండు భాషల్లోనూ దొరికేవి వెతుకుతున్నాం. గోగు శ్యామల 'ఏనుగంత తండ్రి కన్నా ఏకుల బుట్టంత తల్లి నయం' కథలు 2012లో ఇంగ్లీషులో వచ్చాయి, తెలుగులోనూ ఉన్నాయి. ఇంగ్లీషు కాపీ వాళ్ల చేతికిచ్చి తెలుగులో చదువుతాం. యాస పోయాక ఏం మిగిలిందన్న గొడవే అరగంట నడుస్తుంది, నాకైతే అది బోనస్.

హెచ్‌ఆర్ నడపాలా, మనమే నడుపుకోవాలా అంటే, డబ్బూ గదీ వాళ్లవి, మాట మనది. నోట్స్ రాసుకుంటూ ఒకరు మూల కూర్చుంటే ఎవరూ నోరు విప్పరు. ఇంకోటి, ఎవరైనా లైంగిక వేధింపుల సంగతి బయటపెడితే అక్కడ చర్చ పెట్టకండి. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది, ఆ పైన పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, ఆ దారి చూపించండి.

ఇప్పుడు మాది ఏడాదికి రెండు పుస్తకాలు, చదవడానికి మూడేసి నెలలు. మిగతావన్నీ కథలే.

శ్యామల కథ చదివిన రోజు ప్యాంట్రీ అక్క టీ ఫ్లాస్కు పెట్టి వెళ్లకుండా తలుపు దగ్గరే నిలబడింది. ఒక మాట దగ్గర చదివే విజయవాడ అమ్మాయి ఆగిపోయింది, అర్థం మాలో ఎవరికీ తెలియదు. అక్కది తాండూరు దిక్కు, అక్కడ్నుంచే చెప్పింది. కూర్చో అక్కా అంటే "వద్దు సార్, సూపర్‌వైజర్ చూస్తే అంటడు" అంది. ఆమె ఏజెన్సీ మనిషి, మా కంపెనీ రోల్స్‌లో లేదు. బుధవారం ఆ గంట ఆమె కూర్చోవడానికి అడ్మిన్‌కి ఇప్పటికి మూడు మెయిళ్లు పెట్టాను. "చూస్తాం" అన్నారు.