రాణిగంజ్ పంపుల షాపు: ముందు కొలిచారు, ఆ తర్వాతే ధర చెప్పారు

వనస్థలిపురంలో మాది ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు, స్టిల్ట్ మీద అయిదు అంతస్తులు. సంపులోంచి నీళ్లు పైకెక్కించే రెండు మోటార్లూ బిల్డింగు కట్టినప్పటివే. ఒకటి మూలన పడింది, రెండోదానికి వైండింగు మీద వైండింగు. రెండూ మార్చాల్సిందే అని మీటింగులో తేలింది. ట్రెజరర్‌గా నా దగ్గరున్నది 90,000 రూపాయలు. అది దాటితే ఫ్లాటుకి ఇంతని వేయాలి, రిటైరైన వాళ్లు ఉన్న బిల్డింగులో ఆ మాట ఎత్తడమే కష్టం.

మొదట వచ్చిన ఒక ఏజెన్సీ వాళ్లు పంపు రూములోకి తొంగి చూసి, 7.5 హెచ్‌పీ మోటార్లు, వీఎఫ్‌డీ (మోటారు స్పీడు పెంచి తగ్గించే పరికరం) ప్యానెల్ కలిపి 2,40,000కి కొటేషన్ ఇచ్చారు. పాతవి 5 హెచ్‌పీ కదా, పెద్దవెందుకని అడిగితే "సేఫ్టీకి మేడమ్" అన్నారు.

తర్వాత సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పంపుల షాపుకి వెళ్లాను. అక్కడి పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న "ట్యాంకు ఎంత ఎత్తులో ఉంది మేడమ్?" నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని, ఆ ఒక్క ప్రశ్నతో నమ్మకం కుదిరింది. మర్నాడు కుర్రాడిని పంపించారు. అతను సంపు పొడవు, వెడల్పు టేపుతో కొలిచాడు. సంపులోకి వచ్చే లైను కట్టేయించి, అరగంట మోటారు వేయించి, నీటిమట్టం ఎంత దిగిందో మళ్లీ కొలిచాడు. డెలివరీ పైపుకి ప్రెషర్ గేజ్ బిగించాడు, వైరుకి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తగిలించాడు. లెక్క నా ఎదురుగానే కాగితం మీద వేశాడు. గంటకు 9,000 లీటర్లు ఎక్కుతోంది, దానికి 4 యూనిట్లు కాలుతోంది. అంటే వెయ్యి లీటర్లకి దాదాపు 0.44 యూనిట్. పాత పంపు ప్లేటు మీద 42 మీటర్ల హెడ్, అంటే నీళ్లు ఎక్కించగల ఎత్తు, అని ఉంది. పైపుల రాపిడి కలుపుకున్నా మాకు కావాల్సింది 27 మీటర్లే. పంపు లోపల నీటిని తోసే ఇంపెల్లర్ అరిగిపోయింది, సంపులో పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వ్ జాలీ సగం పూడుకుపోయింది.

వాళ్లు ఇచ్చినవి మా ఎత్తుకి సరిపోయే 3 హెచ్‌పీ మోనోబ్లాకులు (మోటారు, పంపు ఒకే ముక్కగా ఉండేవి) రెండు, కోయంబత్తూరు తయారీ. ఫుట్ వాల్వులు, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వులు కొత్తవి. పైకి వెళ్లే జీఐ పైపు బాగానే ఉందని ముట్టుకోలేదు, డబ్బు మిగిలింది ముఖ్యంగా అక్కడే. వీఎఫ్‌డీ సంగతి నేనే అడిగాను. "మీది ఎప్పుడూ అదే ఎత్తుకి ఎక్కించాలి మేడమ్, స్పీడు తగ్గిస్తే నీళ్లు పైదాకా రావు, దండగ" అన్నారు పెద్దాయన. సరైన మాట. పైపుల రాపిడి ఎక్కువగా ఉండి, వాడకం గంటగంటకీ మారే చోట వీఎఫ్‌డీ బాగా ఆదా చేస్తుంది. మొత్తం ఖర్చులో ఎత్తే ప్రధానమైన మాలాంటి చోట పెద్దగా మిగిలేది ఉండదు. అమ్ముకునే అవకాశం ఉండి కూడా వద్దన్నారు.

ఫిట్టింగుతో సహా బిల్లు 86,000. ఇప్పుడు గంటకు 13,000 లీటర్లు ఎక్కుతోంది, 2.4 యూనిట్లు కాలుతోంది. వెయ్యి లీటర్లకి 0.18 చిల్లర.

వెయ్యి లీటర్లకి ఎన్ని యూనిట్లన్న ఈ లెక్క జలమండలి (హైదరాబాద్ నీటి బోర్డు) కూడా ప్రతి పంప్ హౌస్ గోడ మీదా రాసిపెట్టాలని నా గట్టి అభిప్రాయం. మా కుళాయిలో వచ్చేవి కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, హైదరాబాద్ ఉన్నది 1,700 అడుగుల పైన. కోదండాపూర్‌లో శుద్ధి చేసిన నీటిని నాసర్లపల్లి, గోడకొండ్ల, గున్‌గల్ అంటూ అంచెలంచెలుగా ఎత్తి, వంద కిలోమీటర్లు దాటించి తెస్తున్నారు. 1920లో కట్టిన గండిపేట నుంచి ఆసిఫ్‌నగర్‌కి నీళ్లు పల్లానికి వాటంతటవే వచ్చేవి, కరెంటు ఖర్చు లేదు. ఇప్పుడు ఎత్తక తప్పదు. కృష్ణా నీళ్ల పథకం మొదటి దశ 2004 నాటిది. ఆ వయసు పంపులు మార్చేటప్పుడు ఎవరు తక్కువకి కోట్ చేశారన్నది ఒక్కటే చూస్తే చాలదు. పంపు జీవితకాలంలో కొన్న ధర చిన్న వాటా, కరెంటు బిల్లే అసలు ఖర్చు. వెయ్యి లీటర్లకి ఎన్ని యూనిట్లు అన్న షరతు టెండర్‌లోనే పెట్టి, బిగించాక కొలిచి చూసి డబ్బిస్తే బడ్జెట్ అదుపులో ఉంటుంది. అది మనందరి సొమ్ము.

షాపులో నచ్చనివీ ఉన్నాయి. మోటార్ల స్విచ్ ప్యానెల్ చెప్పిన రోజుకి రాలేదు, దాంతో ట్యాంకరు తెప్పించుకోవాల్సి వచ్చింది. ఒక పైపు జాయింటు (యూనియన్) దగ్గర నీళ్లు కారితే రెండుసార్లు ఫోన్ చేస్తేగానీ మనిషి రాలేదు. నీటిమట్టాన్ని బట్టి పనిచేసే ఫ్లోట్ స్విచ్ నాసిరకం, దాన్ని మేమే మార్చుకున్నాం. డ్రై రన్ రిలే మాత్రం అడగకుండానే పెట్టారు, సంపు ఖాళీ అయితే మోటారు దానంతటదే ఆగిపోతోంది. మా వాచ్‌మన్‌కి రాత్రిపూట లేచి చూసే పని తప్పింది.

5కి 4 ఇస్తాను. వెళ్లేవాళ్లు పాత పంపు ప్లేటు ఫోటో, సంపు కొలతలు, ట్యాంకు ఎత్తు రాసుకుని వెళ్లండి. పాత మోటార్లు స్క్రాప్ కింద తీసుకుని బిల్లులో తగ్గిస్తారు, కానీ ఆ మాట మీరే ఎత్తాలి.