ఊరేగింపు, ఊయల: గర్భస్రావంపై క్రైస్తవుల రెండు దారులు
గర్భస్థ శిశువు ప్రాణం దేవుడిచ్చినదని నమ్మేవారు గర్భస్రావం విషయంలో మౌనంగా ఉండకూడదని అనేక క్రైస్తవ సంఘాలు బోధిస్తాయి. అయితే ఆ మాట ఎవరితో, ఎలా చెప్పాలన్న దగ్గరే దారులు చీలుతాయి.

మొదటిది బహిరంగ నిరసన. అమెరికా సుప్రీంకోర్టు 1973 జనవరి 22న గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా గుర్తిస్తూ రో వర్సెస్ వేడ్ తీర్పు ఇవ్వగా, సరిగ్గా ఏడాదికి గర్భస్రావ వ్యతిరేక ఉద్యమకారిణి నెల్లీ గ్రే చొరవతో వాషింగ్టన్‌లో ‘మార్చ్ ఫర్ లైఫ్’ అనే ఊరేగింపు మొదలైంది. 2022లో ఆ తీర్పును కోర్టే కొట్టివేసింది కనుక ఈ దారి ఫలించలేదని అనలేము. కాని ఈ గొంతు ఉద్దేశించినది న్యాయస్థానాన్ని, చట్టసభను. నెల తప్పి, ఇంట్లో చెప్పుకోలేక కుమిలిపోతున్న అమ్మాయి చెవికి అది నిందగానే సోకవచ్చు.

రెండోది ఆశ్రయం. 1979 నాటి నోబెల్ ఉపన్యాసంలో మదర్ థెరిసా గర్భస్రావాన్ని తీవ్రంగా ఖండిస్తూనే, దాన్ని దత్తతతో ఎదుర్కొంటున్నామని, బిడ్డను చంపవద్దు, మేము తీసుకుంటామని ఆసుపత్రులకు, పోలీసు స్టేషన్లకు కబురు పంపామని చెప్పారు. ఆ కబురు వెనుక కలకత్తాలో ఆమె నెలకొల్పిన అనాథ శిశువుల ఆశ్రమం శిశుభవన్ ఊయలలు, అక్కడి పసివాళ్లను సాకే సిస్టర్లు ఉన్నారు. అందుకే ఆ ఖండనకు బరువు వచ్చిందని నా అభిప్రాయం. అయినా తొమ్మిది నెలలు మోసే భారాన్ని గాని, తల్లి ప్రాణమే అపాయంలో పడినప్పటి ప్రశ్నను గాని దత్తత తీర్చదు.

మన దేశంలో గర్భస్రావాన్ని కొన్ని షరతులతో అనుమతించే 1971 చట్టాన్ని చేసినదీ, 2021లో కొన్ని వర్గాల స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచినదీ పార్లమెంటే. అల్పసంఖ్యాకులైన క్రైస్తవుల ఊరేగింపు దాన్ని కదిలించడం కష్టం. గర్భిణికి తోడు నిలవడం మాత్రం ఏ చిన్న సంఘానికైనా సాధ్యమే.