బీబీ గుండా, పెల్లెటా: పంపు కొట్టే ఎయిర్ రైఫిల్‌కు ఏది మేలు?

మొన్న మా పెరట్లో మొదటి దెబ్బకే ఖాళీ సోడా డబ్బాను పడగొట్టాడు మా బావమరిది. "చూశావా బావా, బీబీ గుండ్లే చాలు. ఆ సీసం పెల్లెట్లు కొనడం దండగ" అన్నాడు. బీబీ అంటే గుండ్రటి చిన్న ఉక్కు గుండు. తరువాతి నాలుగు గుండ్లు ఎటు పోయాయో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. కాగితం పెట్టి తేల్చుకోవాలని మాత్రం ఆ సాయంత్రమే అనుకున్నాను.

మేముండేది అమెరికాలో, ఆర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో. పక్క ఊరు రోజర్స్. ఎయిర్ గన్‌లకు పేరుపడ్డ డెయిసీ కంపెనీ 1958లో మిషిగన్ నుంచి అక్కడికే తరలివచ్చింది. మొదట్లో వాళ్లు చేసింది నీళ్లు తోడే గాలిమరలు. వాటిని కొన్న రైతులకు కొసరుగా ఇచ్చిన గాలి తుపాకికే గిరాకీ పెరగడంతో గాలిమరలు మూలనపడ్డాయి. ఈ ఊళ్లలో బీబీ తుపాకి చూడని పిల్లవాడు అరుదు.

నా దగ్గరున్నది ముందు పిడిని కిందికి లాగి, మూస్తూ గాలి నింపే రకం. 1966లో వచ్చిన క్రాస్‌మన్ 760, 1972లో వచ్చిన డెయిసీ 880 ఈ కోవలోవే. బీబీ, పెల్లెట్ రెండూ పేలుస్తాయి. పది పంపులు దాటకూడదు. కొన్నిటి గొట్టం లోపల నున్నగా ఉంటుంది, కొన్నిటికి మెలిక గాడులు ఉంటాయి. నాది గాడులున్నది. ఈ సంగతి ముందే చూసుకోవాలి, పోలికంతా దీని మీదే తిరుగుతుంది.

డబ్బాల మీద రెండింటికీ 4.5 మిల్లీమీటర్లనే రాస్తారు. ఉక్కు బీబీ గుండు నిజానికి 4.4కు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంటే గొట్టంలో వదులుగా కూర్చుంటుంది. ఉక్కు గట్టిది, గాడులను పట్టుకోదు. గోడలకు తగులుతూ దొర్లుకుంటూ వెళ్లి, చివరగా ఏ గోడను తాకిందో ఆ తాకిడిని బట్టి బయటపడుతుంది. ఒక్కో గుండుకు ఒక్కో తీరు సుడి. స్పిన్ బౌలర్ బంతిలాగే అదీ గాలిలో పక్కకు మళ్లుతుంది, కాకపోతే ఎటు మళ్లుతుందో వేసినవాడికే తెలియదు. పెల్లెట్‌ది వేరే కథ. డమరుకంలా నడుము సన్నగా, వెనక పావడా బోలుగా ఉంటుంది. గాలి తోసేసరికి మెత్తని సీసం పావడా విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది, ప్రతిసారీ ఒకే తీరుగా గిరగిరా తిరుగుతూ వెళుతుంది.

పరీక్ష ఇలా చేశాను. సోనా మసూరి సగం మిగిలిన సంచి మీద రైఫిల్ ఆనించాను. గురికి పది దెబ్బలు, ప్రతి దెబ్బకూ అవే పంపులు. మూడు, అయిదు దెబ్బలతో తేల్చేస్తే అదృష్టమే సగం తీర్పు చెబుతుంది. చుక్కకు ఎంత దగ్గరగా పడ్డాయన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, అది గొట్టం మీద గురి చూసే సైటు తిప్పి సరిచేసుకోవచ్చు. చూడవలసింది పదీ ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయని.

అయిదు మీటర్ల దగ్గర, నాలుగు పంపులతో బీబీలు వేస్తే దాదాపు రెండున్నర సెంటీమీటర్ల వెడల్పుండే క్వార్టర్ నాణెం కింద దాదాపు అన్నీ దాక్కున్నాయి. అంచు దాటింది ఒక్కటే. నా అంచనా కన్నా చాలా మేలు. పెల్లెట్లు అదే దూరంలో ఒకే చిరుగులా కలిసిపోయాయి. పది మీటర్లకు జరిగేసరికి బీబీల గుంపు ఆవకాయ సీసా మూతంత విప్పారింది. పెల్లెట్లు అక్కడా అంతకన్నా చిన్నదైన డైమ్ నాణెం వెడల్పులోనే ఉన్నాయి. కాగితం చూసినా తేడా తెలుస్తుంది. మూతి బల్లపరుపుగా ఉండే పెల్లెట్ కంత పంచ్ కొట్టినట్టు గుండ్రంగా పడింది, బీబీ కంత అంచులు చిరిగి పీచులు తేలాయి.

"పది పంపులు కొట్టి వేయి బావా, తిన్నగా పోతుంది" అని బావమరిది పట్టుబట్టాడు. కొట్టాను. పది దెబ్బలకు వంద పంపులు. అరవయ్యో పంపుకే చేయి వణకడం మొదలైంది. బీబీల గుంపు చిన్నది కాలేదు సరికదా, కాస్త పెరిగింది. అందులో గుండు తప్పెంతో నా చేతి తప్పెంతో విడదీయలేను. పంపులు పెరిగేకొద్దీ ఒక్కో పంపు కలిపే వేగం తగ్గుతూ పోతుంది, అలసట మాత్రం తగ్గదు. నాలుగైదు దగ్గర ఆగడమే నయం.

సీసంతో చేసిన బీబీ గుండ్లూ దొరుకుతాయి, అవి మధ్యేమార్గం అనిపించింది. కానీ ఇలాంటి రైఫిళ్లలో గుండును గొట్టంలోకి తోసే బోల్టు కొసన చిన్న అయస్కాంతం ఉంటుంది, బీబీని పట్టి ఉంచేది అదే. సీసాన్ని అయస్కాంతం పట్టదు. గొట్టం కిందికి వంచగానే గుండు దొర్లి గడ్డిలో పడింది. ఆ ముచ్చట అంతటితో సరి.

అలాగని బీబీ గుండుకు గురే లేదనడం అన్యాయం. రోజర్స్‌లో డెయిసీ పేరిట జరిగే జాతీయ బీబీ పోటీల్లో పిల్లలు అయిదు మీటర్ల దూరం నుంచి గురి పెడతారు. వాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది 499 అనే మోడల్. గొట్టం ముందు నుంచి ఒక్కో గుండునూ జారవిడవాలి. వేగం సెకనుకు 73 మీటర్లే, పది పంపుల రైఫిల్‌తో పోలిస్తే నత్తనడక. అయినా దానికి సాటి లేదు, ఎందుకంటే ఆ గొట్టం బీబీ కొలతకే బిగుతుగా చేసింది. నా రైఫిల్ గొట్టం పెల్లెట్ కొలతది, అందులో బీబీ అద్దెకున్నట్టే లెక్క.

ఒక్క విషయంలో మాత్రం బీబీతో జాగ్రత్త. ఉక్కు గుండు గట్టి చెక్కకో రాతికో తగిలితే ఎగిరి వెనక్కి వస్తుంది. కళ్లద్దాలు లేకుండా ఎవరినీ పెరట్లోకి రానివ్వను. గురి వెనక పాత దుప్పట్లు కుక్కిన అట్టపెట్టె పెడతాను. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా తిండి జోలికి వెళ్లకూడదన్నది పెల్లెట్ వైపు జాగ్రత్త. అయస్కాంతంతో ఏరిన బీబీలను మళ్లీ వాడకండి, గీతలు పడ్డ గుండు ఉన్న గురినీ చెడగొడుతుంది.

డబ్బాలు పడగొట్టడానికి, పంపు కొట్టడం నేర్చుకోవడానికి బీబీలే కొంటాను. చవక, సీసాకు వేలల్లో వస్తాయి. పది మీటర్లు దాటినా, కాగితం మీద లెక్క చూసుకోవాలన్నా పెల్లెట్లే. గొట్టం నున్నగా ఉన్న రైఫిల్ అయితే పెల్లెట్‌కు గాడుల సాయం ఉండదు కాబట్టి ఇంత తేడా ఆశించకండి. రెండు కాగితాలూ ఫ్రిజ్ తలుపుకు అంటించాను. బావమరిది రోజూ చూస్తాడు కానీ, ఇప్పటికీ ఆ సోడా డబ్బా గురించే మాట్లాడతాడు.