ఆటోనగర్‌లో బోర్డు లేని షెడ్డు: మా మారుతి చార్జింగ్ లైటు ఆరింది

మాది 1999 మారుతి 800, నాన్న కొన్న బండి. రెండు నెలల కిందట రాత్రి హెడ్‌లైట్లు వేస్తే మీటర్లో ఎర్ర బ్యాటరీ గుర్తు సన్నగా వెలగడం మొదలైంది. పగలు కనపడేది కాదు. మొదట చూపించిన వర్క్‌షాపులో వోల్టేజి కొలిచే మల్టీమీటరు కూడా పెట్టకుండా బ్యాటరీ పోయిందన్నారు. 4,200 పెట్టి కొత్తది వేయించాను. సరిగ్గా 18 రోజులకి, కాజ టోల్‌గేటు దాటాక హెడ్‌లైట్లు మసకబారాయి, హారన్ మూగబోయింది, బండి ఆగిపోయింది. చీకట్లో, లారీల పక్కన, అమ్మతో నిలబడ్డ ఆ గంట నేను మర్చిపోలేను.

మర్నాడు తాళ్లు కట్టి విజయవాడ ఆటోనగర్‌లో బోర్డు లేని ఒక షెడ్డుకి లాక్కొచ్చాం. మేస్త్రి బానెట్ ఎత్తకముందే అడిగిన మాట: "తాళం తిప్పగానే, ఇంజన్ స్టార్టవకముందు ఆ లైటు వెలుగుతోందా అమ్మా?" వెలుగుతోందన్నాను. "అయితే బల్బు బాగానే ఉంది. పాత బండ్లలో ఆ బల్బు మాడితే ఆల్టర్నేటరు, అంటే ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీకి ఇచ్చేది, లేవదు. బ్యాటరీ పక్కా, ఆల్టర్నేటరు పక్కా వోల్టేజి సమానమైతేనే లైటు ఆరిపోద్ది, మీకు ఆల్టర్నేటరు పక్క తక్కువొస్తంది" అన్నారు. పాతికేళ్లుగా ఆ బండి మా ఇంట్లో ఉంది, ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు.

వేరే బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి, మల్టీమీటరు నా చేతికే ఇచ్చారు. ఇంజన్ నడుస్తోంది, ముల్లు వైర్లు బ్యాటరీ మీద ఉన్నాయి: 12.2 వోల్టులు. "పద్నాలుగు దగ్గరుండాలి." బెల్టు బొటనవేలితో నొక్కి చూశారు, బిగువుగానే ఉంది. ఆల్టర్నేటరు విప్పితే, లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి గోరంత మిగిలాయి. ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు కొస చిలుము పట్టి పచ్చగా ఉంది.

బేరింగులు కూడా మార్చమని నేనే అడిగాను. చేత్తో తిప్పి వినిపించి, "చప్పుడు లేదు, అనవసరం" అన్నారు. బ్రష్‌లు వేసి, అవి రాసుకునే స్లిప్ రింగులు ఎమరీ కాగితంతో రుద్ది, ఎర్త్ వైరు మార్చారు. అన్నీ కలిపి 750. ఇప్పుడు ఊరికే నడుస్తుంటే 14.1, హెడ్‌లైట్లు వేస్తే 13.8.

కూర్చోడానికి చోటు లేదు, రెండున్నర గంటలు ఎండలోనే నిలబడ్డాను. పెద్దవాళ్లని తీసుకెళ్లేవారు అది చూసుకోండి. బిల్లు కూడా ఇవ్వరు. పొద్దున పది లోపు వెళ్తే వెంటనే చూస్తారు, ఆ తర్వాత లారీల వరస మొదలవుతుంది.