టైమ్ టేబులా, వరుసా? కుటుంబ ప్రార్థన ఉన్న ఇంట్లో ఇంటి చదువుకు ఏది మేలు

పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే క్రైస్తవ కుటుంబాలు మన దగ్గర తక్కువే. అలాంటి ఇళ్ల తల్లులు ఇద్దరు కలిస్తే మాత్రం మాట సిలబస్ దగ్గర ఆగదు, నేరుగా "మీ ఇంట్లో రోజు ఎలా నడుస్తుందండీ?" అన్న దగ్గరికే వస్తుంది. ఏ పుస్తకం కొనాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పొద్దున ప్రార్థన, టిఫిన్, లెక్కలు, చంటిదాని నిద్ర, శుక్రవారం ఉపవాస కూడిక, ఫోనైనా చేయకుండా ఊరి నుంచి దిగిన అత్తయ్యగారు, ఇవన్నీ ఒక్క రోజులో ఎలా ఇముడుతాయో చెప్పేవాళ్లే లేరు. నేను చూసిన ఇళ్లలో మూడు పద్ధతులు ఉన్నాయి. గడియారం చూసి నడిచేది ఒకటి, వరుస చూసి నడిచేది ఒకటి, నిన్న ఆపిన చోటు నుంచి అందుకునేది మూడోది.

వాటి సంగతి చూసే ముందు గంటల లెక్క తేలాలి. టెన్షన్ అంతా పుట్టేది అక్కడే. బడి ఆరేడు గంటలు ఉంటుంది కదా, మనమూ అంతసేపు కూర్చోబెట్టాలేమో అని కొత్తగా మొదలుపెట్టినవాళ్లు హడలిపోతారు. 2009 విద్యాహక్కు చట్టం బడులకు పెట్టిన కనీస లెక్క ఇది: ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. ఆరు నుంచి ఎనిమిది దాకా 220 రోజులు, 1000 గంటలు. అంటే చిన్నవాళ్లకు రోజుకు నాలుగు గంటలు, కాస్త పెద్దవాళ్లకు నాలుగున్నర. అదీ ముప్పై మంది ఉన్న గదిలో, ఒకరు అర్థం కాలేదంటే మిగతావాళ్లు ఆగాల్సిన చోట. ఇంట్లో అమ్మ ముందు కూర్చునేది ఇద్దరో ముగ్గురో. తొమ్మిదేళ్ల పిల్లకు పొద్దున రెండున్నర గంటలు గట్టిగా సాగితే చాలని నా నమ్మకం. ఈ లెక్క ఒంటబట్టిన ఇంట్లో అరగంట ప్రార్థన చదువుకు అడ్డంగా కనిపించదు.

ఇక గడియారం పద్ధతి. ఏడున్నరకు ప్రార్థన, ఎనిమిదిన్నరకు లెక్కలు, తొమ్మిదింబావుకు ఇంగ్లీషు, పదింటికి తెలుగు. చార్టు రాసి ఫ్రిజ్ మీద అంటిస్తే చూడ్డానికి బాగుంటుంది, ఆఫీసు నుంచి ఫోన్ చేసిన నాన్నకు ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్పడమూ తేలిక. ఆన్‌లైన్ క్లాసు ఉన్న ఇంట్లో, కీబోర్డు నేర్పే మాస్టారు ఫలానా టైముకు వచ్చే ఇంట్లో గడియారం తప్పదు కూడా. పద్నాలుగేళ్లు దాటిన పిల్లలకైతే ఇదే సరైనదని తర్వాత చెబుతాను.

చిక్కల్లా కుటుంబ ప్రార్థన గడియారం మాట వినకపోవడమే. తాతయ్య ఉన్న ఇంట్లో ఇది అందరికీ తెలిసిందే. ఒక కీర్తన పాడి, ఒక అధ్యాయం చదివి, ఆయన ప్రార్థన మొదలుపెడితే దుబాయ్‌లో ఉన్న మనవడి దగ్గర బయల్దేరి, మోకాలి ఆపరేషన్ అయిన వీధి చివరి పెద్దావిడ మీదుగా, సంఘం కొత్త స్లాబు దాకా వెళ్తారు. ఏడున్నరకు మొదలైనది ఎనిమిదీ ముప్పావుకు ముగుస్తుంది. చార్టు ప్రకారం లెక్కల్లో పావుగంట అప్పుడే పోయింది. అమ్మ మొహం చూస్తే పిల్లలకు ఆ సంగతి తెలిసిపోతుంది. ఇలా నెలా రెండు నెలలు గడిస్తే ప్రార్థన అంటే క్లాసును లేటు చేసేది అని వాళ్ల లెక్కలో పడిపోతుంది. దేవుని కోసమే ఇంటి చదువు ఎంచుకున్నామనే కుటుంబానికి ఇంతకంటే పెద్ద నష్టం ఏముంటుంది?

డిసెంబరు సంగతి అసలు అడగొద్దు. మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు, అర్ధరాత్రి దాటేదాకా క్యారల్స్, మర్నాడు కళ్లు తెరవలేని పిల్లలు. శ్రమల దినాల్లో సాయంత్రం కూడికలు, గుడ్ ఫ్రైడే రోజు ఏడు మాటల ఆరాధన. మన సంఘ జీవితం ఏడాదంతా ఒకే వేగంతో నడవదు, ఒకే చార్టు అన్ని నెలలకూ అతకదు.

వరుస పద్ధతిలో టైములు ఉండవు, ఏది తర్వాత ఏది అన్నదే ఉంటుంది. ప్రార్థన అయ్యాక చూచిరాత, చూచిరాత అయ్యాక లెక్కలు, లెక్కలు అయ్యాకే ఆట. రోజుకు రెండు మేకులు కొట్టి మిగతాదంతా వాటికి తగిలించడం అన్నమాట: ఒకటి పొద్దుటి ప్రార్థన, ఇంకొకటి రాత్రి ప్రార్థన. తాతయ్య ప్రార్థన సాగితే లెక్కలు కాస్త అవతలకు జరుగుతాయి, ఎగిరిపోవు. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో పిల్లలకు వాక్యం ఎప్పుడు నేర్పాలో చెప్పిన చోట కూడా ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు అనే ఉంది. అందులో ఒక్కటీ గంట కొట్టి మొదలయ్యేది కాదు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ప్రార్థనే మొదటి పాఠంగా మారడం. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు ఉన్నాయి, తారీఖు ఎంతో ఆ అధ్యాయం చదవడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. పన్నెండో తారీఖు అనుకోండి. చాప మీద అందరూ కూర్చుంటారు. తొమ్మిదేళ్లది పన్నెండో అధ్యాయం పైకి చదువుతుంది, రెండు చోట్ల తడబడుతుంది. మన తెలుగు బైబిలు పాత గ్రాంథికం కదా, ఒత్తులూ సంధులూ ఎక్కువే. పదమూడేళ్లవాడు సరిదిద్దుతాడు, కొంచెం గొప్ప చూపించుకుంటూ. ఐదేళ్లవాడికి ఒక్క వచనం చెప్పించి వదిలేస్తారు. ఆ వచనమే తొమ్మిదేళ్లదాని పుస్తకంలో చూచిరాత, వారం చివర అదే కంఠత వాక్యం. చదవడం, రాయడం, జ్ఞాపకం పెట్టుకోవడం, మూడూ అక్కడే అయిపోయాయి. ఇంగ్లీషు మీడియం నుంచి తీసుకొచ్చిన పిల్లలకు తెలుగు ఎలా నేర్పాలని అడిగేవాళ్లకు నేను ముందు ఈ దారే చూపిస్తాను. వేరే తెలుగు క్లాసు పెట్టేకంటే ఇది తేలిక, పైగా ఇంట్లోవాళ్లంతా వింటుండగా చదవాలి కాబట్టి పిల్ల ముందురోజే ఒకసారి చూసుకుంటుంది.

కథ విన్నాక తిరిగి చెప్పించుకోవడం కూడా ఇందులో బాగా ఇముడుతుంది. బ్రిటన్‌లో షార్లెట్ మేసన్ (1842–1923) అనే ఆవిడ ఇంటి చదువు మీద చాలా రాశారు. చిన్నపిల్లలకు పాఠం పావుగంట, ఇరవై నిమిషాలు దాటకూడదని, చదివి వినిపించింది పిల్లలు తమ మాటల్లో తిరిగి చెప్పాలని ఆవిడ పద్ధతి. దావీదు, గొల్యాతు కథ ఐదేళ్లవాడి నోట వింటే వాడికి ఎంత అర్థమైందో ఏ ప్రశ్నపత్రం లేకుండానే తెలిసిపోతుంది. వడిసెల తిప్పి చూపించేటప్పుడు దగ్గర్లో గాజు సామాను లేకుండా చూసుకోండి, అంతే.

హైదరాబాదులో ఖురాన్ కంఠస్థం చేయిస్తూ పిల్లలను ఇంట్లో చదివించే ముస్లిం కుటుంబాలు ఈ మేకుల పద్ధతిని మనకంటే గట్టిగా పాటిస్తాయి. ఫజర్, అంటే తెల్లవారుజాము నమాజు తర్వాత కొత్త పాఠం, దాన్ని సబక్ అంటారు. మరో నమాజు తర్వాత పాతవి తిరగేసే మంజిల్. నమాజు వేళలు సూర్యుడితో పాటు జరుగుతాయి. హైదరాబాదులో నవంబరు చివరికీ జులై మొదటికీ మగ్రిబ్‌కు, అంటే సూర్యాస్తమయం నమాజుకు, గంటకు పైగా తేడా వస్తుంది. అయినా రోజు చెదరదు, ఎందుకంటే పాఠాన్ని నమాజుకు కట్టారు, గంటకు కాదు.

వరుసకు లోపాలు లేవని కాదు. పొద్దున మొదలవడమే ఆలస్యమైతే రోజంతా జారిపోతుంది. "ఇంకా ప్రార్థన కాలేదుగా" అన్నది పిల్లలకు మంచి సాకు, పెద్దవాళ్లకు ఇంకా మంచి సాకు. నెమ్మదిగా చేసే పిల్లాడు ఒక్క భాగహారాల పేజీ పట్టుకుని మధ్యాహ్నం దాకా లాగుతాడు. అందుకని రెండు చోట్ల మాత్రం గడియారాన్ని రానివ్వాలి. ఒకటి, ప్రార్థన మొదలయ్యే టైము ఖాయం, ముగిసే టైము కాదు. రెండు, ఏ పాఠానికైనా పై హద్దు: ఇరవై ఐదు నిమిషాలు అయ్యాక ఎక్కడున్నా పెన్సిల్ కింద పెట్టడమే, మిగిలింది రేపు. నాన్న ఐటీలో నైట్ షిఫ్ట్ చేస్తుంటే పొద్దుటి ప్రార్థన చిన్నదిగా ముగించి, ఆయన లాగిన్ అయ్యే ముందు సాయంత్రం అసలైనది పెట్టుకోవడం మేలు. పొద్దునే చేయాలని ఆయన్ని మధ్య నిద్రలో లేపడంలో భక్తి ఏమీ లేదు.

ఆపిన చోటు నుంచి అందుకునే పద్ధతిని ఇంగ్లీషులో లూప్ అంటారు. సైన్స్, చరిత్ర, భూగోళం, బొమ్మలు, కీర్తనల రాగాలు ఒక కాగితం మీద వరుసగా రాసుకుంటారు. ఏ రోజుకు ఏది అని ఉండదు. ఇవాళ సైన్స్ అయితే రేపు చరిత్ర. రేపు చుట్టాలొచ్చి ఏమీ జరగకపోతే ఎల్లుండి చరిత్ర. చెప్పడానికి ఇంత చిన్నదే గానీ, సంఘంలో చురుగ్గా ఉండే ఇళ్లకు దీని విలువ చాలా ఎక్కువ. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్లే అమ్మ, టైమ్ టేబుల్లో శుక్రవారానికి సైన్స్ అని రాసుకుంటే ఆ పిల్లలకు ఏడాదంతా సైన్సే ఉండదు. లూప్‌లో ఆ గొడవ లేదు. అయితే లెక్కలను, కొత్తగా అక్షరాలు దిద్దుతున్న పిల్లాడి చదువును లూప్‌లో వేయకండి. అవి రోజూ తగలాల్సినవి.

రోజు సంగతి అలా ఉంచి ఏడాది సంగతికొస్తే ఇక్కడా పోటీ ఉంది. బడి క్యాలెండర్ జూన్ నుంచి ఏప్రిల్ దాకా. కొన్ని ఇళ్లలో దానికి బదులు ఆరు వారాలు చదువు, ఏడో వారం విశ్రాంతి. ఆరు దినాల పని, ఏడో దినం విశ్రాంతి అన్నదాన్నే వారాలకు సాగదీశారు. ఇలాంటి విడతలు ఆరు అయితే 42 వారాలు, అందులో చదువు 36 వారాలు. శనివారం కూడా కలిపి వారానికి ఆరు రోజులు చదివితే 216 రోజులు, చట్టం చిన్న తరగతుల బడులకు చెప్పిన 200 కంటే ఎక్కువే. ఇంకా పది వారాలు చేతిలో మిగులుతాయి. వాటిని డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా, మే నెల వీబీఎస్‌కి (సంఘంలో పిల్లలకు పెట్టే సెలవుల బైబిలు బడి), ఊళ్లో పెళ్లిళ్లకు వాడుకోవచ్చు. గుంటూరులోనో రామగుండంలోనో మే నెలలో పది దాటాక పిల్లలు ఎలాగూ గడప దాటలేరు కాబట్టి అప్పుడు చదివించి, చలికాలంలో సెలవు ఇవ్వడం తెలివైన పని అని నాకనిపిస్తుంది. కానీ పిన్ని పిల్లలూ మేనత్త పిల్లలూ వచ్చేది మే నెలలోనే. వాళ్లు హాల్లో క్యారమ్స్ ఆడుతుంటే మనవాడిని భిన్నాల ముందు కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. బంధువర్గం పెద్దదైతే బడి క్యాలెండరే నయం.

ఇప్పుడు పద్నాలుగేళ్ల పిల్లల మాట. బడికి వెళ్లకుండా పరీక్షలు రాయించే జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి స్థాయిలో చేరాలంటే 14 ఏళ్లు నిండాలి. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, తెలుగు మీడియంలోనూ రాయొచ్చు. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలో, అక్టోబరు-నవంబరులో. టీఎంఏ అనే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు, వాటికి గడువు తేదీలు. ఆంధ్ర, తెలంగాణ రెండింటికీ సొంత ఓపెన్ స్కూళ్లూ ఉన్నాయి. ఎక్కడ కట్టినా పరీక్ష హాల్లో గంట కొట్టగానే పేపర్ లాక్కుంటారు. అప్పటిదాకా వరుసతో పెరిగిన పిల్లకు ఈ వయసులో గడియారం చేతికివ్వాలి, అదీ అమ్మ రాసిన చార్టు కాదు, తనే రాసుకున్నది. ప్రార్థన టైము కూడా తనే పెట్టుకోనివ్వండి. ఇంట్లో అందరితో కాకుండా ఒంటరిగా బైబిలు చదువుకునే అలవాటు పడేది ఈ ఏళ్లలోనే.

ఒక్క మాట బైబిలు సబ్జెక్టు గురించి. కొందరు దానికీ పరీక్ష పెట్టి మార్కులు వేస్తారు. నాకు ఇష్టం లేదు. నూటికి నలభై వచ్చిన పిల్లాడు దేవుడి దగ్గరా ఫెయిలయ్యానని అనుకుంటే ఏం చేస్తారు?

పదేళ్లలోపు పిల్లలు, ఇంట్లో పెద్దవాళ్లు, సంఘం పనులు ఉన్న ఇల్లైతే నా ఓటు వరుసకే, సైన్స్, చరిత్ర లాంటివాటికి లూప్ జోడించి. అమ్మ ఇంటి నుంచి ఉద్యోగం చేస్తూ మీటింగ్‌ల మధ్య చదువు చెప్పాల్సి వస్తే గడియారమే గతి. అప్పుడు చార్టులో ప్రార్థనకు ముప్పై నిమిషాలు పట్టేట్టుంటే నలభై ఐదు రాసుకోండి. తాతయ్య ఉంటే గంట.